నాయన పేరు పక్కన ముజిక్

మొన్న తిరుపతి రైల్వే స్టేషన్లో నా గుండె కాసేపు ఆగి మళ్లీ కొట్టుకుంది. ఆ కాసేపట్లో పాకాల వైపు పోయే గూడ్సు బండి ఒకటి ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా పూర్తిగా వెళ్లిపోయిందంటే ఎంతసేపు ఆగిందో మీరే ఊహించుకోండి. సంగతేమిటంటే, మా బావ, అంటే మా అక్క పెనిమిటి, ఆయన తమ్ముడి కూతురు రష్యాలో వైద్యం చదివి వచ్చింది. అక్కడ తాను అద్దెకున్న ఇంటి ముసలమ్మకు కొండ చూపిస్తానని మాట ఇచ్చిందట, ఆమెను కూడా వెంటబెట్టుకుని రైలు దిగింది. ఆ ముసలమ్మ పెట్టె ఉంది చూశారూ, అది పెట్టె కాదు, తాళం వేసిన రైలు డబ్బా. ఇద్దరు కూలీలు దాని దగ్గరికి వచ్చి, ఎత్తి చూసి, దానికి దండం పెట్టి వెళ్లిపోయారు. అరవై దాటిన మా బావ మాత్రం పంచె ఎగ్గట్టి, "పక్కకు జరుగు బామ్మర్దీ" అని నన్ను తోసి, ఒక్క ఊపున దాన్ని భుజానికెత్తుకున్నాడు. ముసలమ్మ మురిసిపోయి ఆయన వీపు మీద చెళ్లుమని చరిచి, ప్లాట్‌ఫారం మీద నిద్రపోతున్న కుక్కలు కూడా లేచి కూర్చునేటట్టు ఒకే ఒక మాట అంది.

"ముజిక్!"

పెట్టె భుజాన ఉండగానే బావ నా వంక చూశాడు, నేను బావ వంక చూశాను. ఇద్దరి ముఖాల్లోనూ చుక్క నెత్తురు లేదు. "ఏమి బామ్మర్దీ, అది ఇన్నేండ్లకు మల్లా వచ్చిండాదే!" అన్నాడు ఆయన గొంతు తగ్గించి, ఆ మాటకు చెవులుంటాయేమో అన్నట్టుగా. ఆయన భయంలో తప్పేమీ లేదు. ఒకప్పుడు ఆ ఒక్క మాట వల్ల ఆయన పెళ్లి ఆగిపోయి, మా అక్క ఇంట్లోనే ఉండిపోయి, మా నాయన తల ఎత్తుకోలేని పరిస్థితి బెత్తెడు దూరం దాకా వచ్చి వెనక్కి పోయింది.

డాక్టరు పిల్ల నవ్వి, అది తిట్టు కాదని, ఇప్పుడు అక్కడ ఎవరి వీపు తట్టి ముజిక్ అన్నా మెచ్చుకోవడమేనని చెప్పింది. తన పని తాను చేసుకునేవాడు, సొంత చేతులతో ఇల్లు కట్టుకునేవాడు, ఆడిన మాట మీద నిలబడేవాడు ముజిక్ అట. భార్యలు మొగుళ్లను దెప్పిపొడవాలన్నా "ముజిక్ అయితే చేసి చూపించు" అంటారట. అయితే మరీ పెద్ద హోదాలో ఉన్నవాణ్ణి ముఖం మీద అనకూడదట, కొంచెం మోటుగా ఉంటుందట. "పాత రోజుల్లో ఇంకేదో అర్థం ఉండేదంట పెద్దనాయనా, నాకు సరిగ్గా తెలీదు" అంది. ఆ పిల్లకు తెలియదు గాని మాకు తెలుసు. ఆ పాత అర్థం మా ఇంటి చెరుకు గానుగ దాకా నడిచి వచ్చింది.

నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. సోవియట్ దేశం ఇంకా ప్రపంచపటంలో ఎర్రగా, సగం గోడ ఆక్రమించుకుని ఉన్న రోజులవి. ఆ దేశం నుంచి వచ్చే రంగుల పత్రిక నున్నటి కాగితంతో అట్ట వేసుకోని నోటుపుస్తకం మన బళ్లో ఉండేది కాదు. లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు నడిపే అమ్మాయి నవ్వుతుంటే లోపల మన మార్కులు ఏడుస్తుండేవి. ఏడాదికోసారి పుస్తకాల వ్యాను ఊరికి వచ్చి ఆగేది. కాఫీ డబ్బులకు ఇటుకరాయంత నవల ఇచ్చేవారు. చదివినా చదవకపోయినా తలకింద పెట్టుకోవడానికి, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి దానిని మించినది లేదు. ఒక్కొక్క మనిషికి మూడేసి పేర్లుండటం వల్ల నలుగురున్న కథలో పన్నెండుమంది తిరుగుతున్నట్టుండేది.

అందరం కొన్నాం, కొందరం చదివాం, ఒక్కడు మాత్రం అందులో కాపురం పెట్టాడు. ఆయన మా అమ్మ తమ్ముడు, నాకు మామ. తిరుపతిలో ఒక అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. నేను డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం లేక ఆయన పక్కనే స్టూలు వేసుకుని ప్రూఫులు దిద్దుతుండేవాణ్ణి. మా మామ రష్యన్ నవలలు చదివి చదివి, రోహిణి కార్తెలో కోతిటోపీ పెట్టుకుని తిరిగేవాడు. టీలో పాలు మానేసి నిమ్మకాయ పిండుకునేవాడు. స్వర్ణముఖిలో నీళ్లు లేవని ఊరంతా అనుకుంటుంటే, గడ్డకట్టి ఉంటుందని ఆయన నమ్మకం. ముజిక్ అనే మాటను మా ఇంటికి తెచ్చినవాడు ఆయనే. అనువాదకులు ఆ మాటను మార్చకుండా అట్లాగే ఉంచి, పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో "రష్యన్ రైతు" అని రాసేవారు. మా మామకు పైన కథకంటే అడుగున ఉన్న ఆ చీమతలకాయలంటేనే భక్తి. గడ్డం ఊపుకుంటూ, మంచులో బండి తోలుకుంటూ, పొయ్యి పక్కన కూర్చుని లోకానికంతా నీతి చెప్పే ఆ ముసలి ముజిక్కులను తలుచుకుని ఆయన కళ్లు తుడుచుకోగా నేను చాలాసార్లు చూశాను.

ఇక మా నాయన. పాకాల దగ్గర పల్లెలో చెరుకు, శనగ పండించి, కాలం రాగానే గానుగాడించి బెల్లం వండే మనిషి. మూడో తరగతితో చదువు ముగించాడు. ఆయన సంతకం పెట్టడం మొదలుపెడితే పక్కవాళ్లు పోయి కాఫీ తాగి రావచ్చు. దానికి కూడా సిగ్గుపడని మనిషి ఒక్క విషయంలో మాత్రం ముడుచుకుపోయేవాడు. అంతకుముందు అక్కకు వచ్చిన ఒక సంబంధం వాళ్లు, పెట్టిన పెసరట్లన్నీ తిని, పిల్ల బాగుందని మెచ్చుకుని, ఊరు దాటాక మధ్యవర్తితో "తండ్రిది ఒట్టి సేద్యమే కదా" అని కబురు పంపారు. ఒట్టి అన్న ఆ మాట నాయన గొంతులో చేపముల్లులా దిగిపోయింది. ఆ తర్వాత చాలాకాలానికి ఈ చిత్తూరు సంబంధం కుదిరింది. మా అక్కకు అబ్బాయి నచ్చాడు, అబ్బాయికి మా అక్క మరీ నచ్చింది. ఇది తప్పిపోతే ఇంక నాయన మరో సంబంధం కోసం గడప దాటడని ఇంట్లో అందరికీ తెలుసు.

మన వైపు పెళ్లిపత్రిక సంగతి మీకు తెలిసిందే. దేవుడి బొమ్మ, ముహూర్తం ఇవన్నీ ఎవరూ చూడరు. అడుగున బంధువుల పేర్లు, వాటి పక్కన చదువులు, కొలువులు, అదీ పత్రిక అంటే. పేరు పక్కన ఏమీ లేని మనిషి చొక్కా లేకుండా పెళ్లికి వచ్చినవాడితో సమానం. చిత్తూరు వాళ్లు తమ పేర్లు రాసి పంపారు. తాలూకాఫీసు సూపరింటెండెంటు, ఎం.ఏ., బి.ఇడి., సబ్ ఇన్‌స్పెక్టరు, ఎలక్ట్రిసిటీ బోర్డు, బి.ఏ. రాసి తప్పినవారు, చివరికి చంకన ఉన్న బిడ్డ పేరు పక్కన కూడా ఎల్.కె.జి. అని ఉంది. మా వైపు అంటే నాయన పేరు, ఆ పక్కన తెల్ల కాగితం.

మామ ఆ తెల్ల కాగితం వంక ఒక పూటంతా చూశాడు. 'వ్యవసాయం' అని కూర్చి చూశాడు, చోటు చాలక 'వ్యవ.' అయింది, అది చూడటానికి ఏదో జబ్బు పేరులా ఉందన్నాడు. అప్పుడు ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. అటువంటి వెలుగు వస్తే మా ఇంట్లో అందరం జాగ్రత్తపడేవాళ్లం, ఆ రోజు నేనొక్కణ్ణే ఉన్నాను. ప్రూఫు నా చేతికి వచ్చేసరికి నాయన పేరు పక్కన, చిత్తూరు ఎం.ఏ.లకు దీటుగా, నల్లగా, లావుగా 'ముజిక్' అని ఉంది. ఇదేమిటని అడిగితే, "గమ్మునుండరా, నీకేం తెలుసు ఆ మాట ఎత్తు" అని నా చేతిలోంచి లాక్కుని అచ్చుకు పంపేశాడు.

పత్రికలు ఊళ్లోకి వెళ్లాక జరిగినదానికి మామ ఒక్కడే ఆశ్చర్యపోలేదు. పోస్టుమాస్టరు మొదట చదివి, ఇది రష్యా గవర్నమెంటు ఇచ్చే బిరుదు అని తేల్చాడు. పైవీధిలో అది మిలిటరీ పదవి అయింది. కిందివీధికి చేరేసరికి వైద్యమైపోయి, ఒక అవ్వ మోకాళ్లు చూపించుకోవడానికి పొద్దున్నే వచ్చి కూర్చుంది, నాయన చేయి తగిలితే చాలునని పట్టుబట్టింది. ఎరువుల కొట్టు వాడు వరుసలో ముందుకు పిలిచాడు. బ్యాంకులో, అప్పటిదాకా నాయన గుమ్మంలో నిలబడితే ఫ్యాను గాలి కూడా ఆయన వైపు వచ్చేది కాదు, మేనేజరు తానే లేచి వచ్చి, లోపలికి తీసుకుపోయి కాఫీ తెప్పించాడు.

నాయన మామను అడిగాడు, ఏందిరా అది అని. మామ ఆ గౌరవం చూసి తానే తబ్బిబ్బయిపోయి ఉన్నాడు, అసలు అర్థం చెప్పి దాన్ని చిన్నబుచ్చడానికి మనసొప్పలేదు. "పెద్ద మాట బావా, నీకు తగిన మాట" అని ఊరుకున్నాడు. అంతే, నాయన నడక మారింది. భుజం మీద తువ్వాలు ఇస్త్రీ అయింది. చిత్తూరు మండీకి పోయే బెల్లం బస్తాల మీద ఒక్కో రైతుకు ఒక్కో మార్కు ఉంటుంది కదా, మాకు తాతల నాటి నుంచి నాగలి బొమ్మ ఉండేది. దాన్ని కొట్టివేయించి, ఆ చోట రంగుతో ముజిక్ అని రాయించాడు. మా అమ్మ మాత్రం, "ఏమో రా తమ్ముడా, తెలీని దేవుడికి కొబ్బరికాయ కొట్టినట్టుండాది నాకు" అంది. ఆ ఇంట్లో కొంచెమైనా అనుమానపడ్డది ఆమె ఒక్కతే.

పెళ్లి దగ్గర పడుతున్న రోజుల్లో ఒక ఆదివారం. గానుగ నడుస్తోంది. పెద్ద పెనంలో చెరుకుపాలు మరిగి పాకానికి వస్తున్నాయి, నాయన తెడ్డు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. పాకం వచ్చే వేళ మా నాయన దేవుడు ప్రత్యక్షమైనా తర్వాత రమ్మనే రకం. నేనూ మామా తిరుపతి నుంచి మిగిలిన పత్రికలు తెచ్చి, చెరుకు మోపుల మీద కూర్చుని ఉన్నాం. అప్పుడు గట్టు మీద గొడుగు కనిపించింది. గొడుగు కింద పెళ్లికొడుకు పెద్దనాయన, సోషలు చెప్పి రిటైరయిన అయ్యవారు. ఒక చేతిలో మా పత్రిక, చంకలో అట్ట చినిగిన ఇటుకరాయంత పుస్తకం. ఆయన ముఖం అప్పటికే పెనం కంటే ఎక్కువ మరుగుతోంది.

"ఏమప్పా, ఈడ ముజిక్ అంటే ఎవురు?"

"నేనే, నేనే, రాండి!" అన్నాడు నాయన, ఇస్త్రీ తువ్వాలు సర్దుకుని. "రేయ్, పెద్దాయనకు చెరుకుపాలు తేండ్రా."

"పాలూ వద్దు, గీలూ వద్దు. ముజిక్ అంటే ఏందో నీకు తెలుసునా?"

"పెద్ద మాట అంట కదప్పా."

"పెద్ద మాటంట!" పెద్దాయన గొడుగు నేలకేసి కొట్టాడు. "రష్యాలో దొరలు భూమితో పాటు అమ్ముకున్నారప్పా వాళ్లను, ఆవును దూడను అమ్మినట్ల. టోపీ చేతబట్టుకొని వాకిట్లో నిలబెట్టినారు. కొరడాతో కొట్టినారు. ఆ మాటకు మూలమే మనిషిలో చిన్న మనిషి అని. నీయంత మొగోణ్ణి పట్టుకొని 'ఒరే పిల్లోడా' అన్నట్లన్నమాట. నువ్వు ముజిక్కువైతే మేమెవురము? దొరలమా? మేమేమన్నా నిన్ను కొరడాతో కొట్టినామా? ఊరూరికీ అచ్చేసి పంచేంత తప్పు మేమేం చేసినాము, సెప్పు! ఇట్లా ఎగతాళి చేసే ఇంట్లో పిల్లను మేము చేసుకునేది ఎట్లా?"

అన్నం క్యారియరుతో వచ్చిన అక్క గట్టు మీదే నిలబడిపోయింది. నాయన ముఖం చూడలేక నేను మామ ముఖం చూశాను, అది సున్నం కొట్టిన గోడలా ఉంది. అయినా రష్యా పరువు కోసం ఆయన మోపు మీది నుంచి దూకాడు.

"సార్, అదంతా రాజుల నాటి మాట. ఆ తర్వాత ముజిక్కే రాజు. ఈ పుస్తకమే నేనూ చదివినాను, పొయ్యి దగ్గర ముసలాయన చెప్పే మాటలకు దొరే కాళ్ల మీద పడతాడు!"

"యాడుండాది ఆ మాట?"

"మూడో భాగంలో."

"నువ్వు మొదటి భాగం చదివినావా?"

మామ కోతిటోపీ సర్దుకున్నాడు. వ్యానులో ఎప్పుడూ పూర్తి సెట్టు దొరికేది కాదని, మా మామ దగ్గర ఉన్నవన్నీ రెండో భాగాలు, మూడో భాగాలేనని, ఆయన ఎవరి కష్టాలూ చదవకుండా నేరుగా సుఖాంతాలకే వెళ్లిపోయాడని అప్పుడు బయటపడింది. "మీరు మూడోది చదివినారా సార్?" అన్నాడు నీరసంగా. పెద్దాయన చంకలోని పుస్తకం వంక చూసుకున్నాడు. ఆయనకు దొరికింది మొదటిదొక్కటే. ఒకే నవల మొదటి భాగం చిత్తూరులోనూ, మూడో భాగం తిరుపతిలోనూ ఉండిపోయి, మధ్యలో మా అక్క పెళ్లి, ఎవరికీ దొరకని రెండో భాగంలా, గాలిలో వేలాడింది.

ఇంతలో గానుగ దగ్గర పనిచేసే మనిషి ఒకాయన, లోకం తలకిందులైనా పద్ధతి తప్పకూడదు కాబట్టి, నీళ్లలో వేసి తీగలా సాగదీసిన వేడి పాకం ముద్దను చెరుకాకులో పెట్టి పెద్దాయన ముందు పట్టాడు. గానుగ దగ్గరికి వచ్చినవాడు పగవాడైనా పాకం రుచి చూడకుండా పోకూడదు, పెట్టింది కాదనకూడదు. మన వైపు అది తిరుగులేని కట్టుబాటు. పెద్దాయన కోపంగానే దాన్ని నోట్లో వేసుకుని, కోపంగానే ఒక్క కొరుకు కొరికాడు. పై పళ్లు కింది పళ్లతో కలిసి, ముద్దలో కూరుకుని, అక్కడే ఉండిపోయాయి. పెట్టుడు పళ్లని మాకెవరికీ తెలియదు. ఇంకా చాలా అనాలని వచ్చిన మనిషి కళ్లతో మాత్రమే అనవలసి వచ్చింది.

నాయన మామ వైపు తిరిగాడు.

"రేయ్, కొరడాలు, దొరలు ఇడిసిపెట్టు. ఆ మాటను మన బాసలో ఏమంటారు? అది సెప్పు."

"రైతు, బావా."

"రైతా?"

"రైతే."

"ఒట్టి రైతా?"

మామ తల వంచుకుని, "ఒట్టి రైతే బావా" అన్నాడు.

కొరడా మాటకు కూడా చలించని మా నాయన ముఖం అప్పుడు మారిపోయింది. చేతిలో తెడ్డు అట్లాగే గాలిలో నిలిచిపోయింది. కోపం వస్తుందేమో, మామను పెనంలో వేస్తాడేమో అని నేను చూస్తున్నాను, ఆయన మాత్రం దారి తప్పిన మనిషిలా తనలో తాను మాట్లాడుకున్నాడు.

"అయితే ఆ బ్యాంకాయన కాపీ తెప్పిచ్చింది రైతుకు కాదన్నమాట. మొన్నటిదాకా ఆ గడపలోనే కదరా నిలబడినాను, రైతుగానే? ఆయప్పకు కనపడలేదే! ఎవురికీ అర్థం కాని మాట ఒకటి అచ్చేస్తే కనపడినాను. నాకు చేసిన మర్యాద అనుకుంటి కదరా. నాకు కాదు, తెలీనిదానికి చేసినారు. దాన్ని తెచ్చి నేను నాగలి బొమ్మ మీద రాయించుకుంటి!"

మామ కోతిటోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, సరిగ్గా ఆ మొదటి భాగంలో ముజిక్కులు దొర ముందు నిలబడినట్టుగానే నిలబడ్డాడు. నేను పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మా నాయన పెనం ముందు ఉండగా పాకం ముదరడం చూడలేదు. ఆ రోజు ఆయన కళ్ల ముందే పాకం రంగు మారి, నురుగు నల్లబడుతుంటే, ఆయన చూస్తూ కూడా చూడలేదు.

వాసన పట్టింది పెద్దాయన. నోరు కదలదు, మాట రాదు, ముక్కు మాత్రం పనిచేస్తోంది. ఆయన "ఊఁ! ఊఁ!" అని పెనం వైపు చేతులూపాడు. మాకు అర్థమయ్యేలోపే గొడుగు ఒక పక్కకు, మొదటి భాగం ఒక పక్కకు విసిరేసి, తెల్లటి పంచె గోచీ బిగించి, పెనం కింద దూర్చే కర్ర ఒక చివర పట్టుకుని, నాయన కళ్లలోకి చూశాడు. ఆ పెనం దించాలంటే నలుగురుండాలి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక, అందరి అడుగూ ఒకేసారి పడాలి; ఒక్కడు తడబడినా నలుగురూ వేగిపోతారు. నాయన తుళ్లిపడి రెండో చివర అందుకున్నాడు. వెనక కర్ర నేనూ మామా పట్టుకున్నాం. వియ్యంకులిద్దరూ ఒక్క మాట లేకుండా, ఎన్నేళ్లుగానో కలిసి గానుగాడించినవాళ్లలాగా, అడుగులో అడుగు వేసి పెనం దించి, చల్లార్చే చెక్కతొట్టిలోకి వంచారు. తాటిబెల్లం కూడా సిగ్గుపడేంత నల్లగా పడింది బెల్లం.

పెద్దాయన పక్కకు తిరిగి, నోట్లోంచి ముద్దను పళ్లతో సహా ఊడబెరికి, నీళ్ల కడవలో ముంచి కడిగి చేతిలో పట్టుకున్నాడు. పళ్లు లేని నోటితో, చంటిబిడ్డ మాటల్లాగా మెత్తగా, "మా నాయన గానుగలో పెనం దించి దించి భుజం కాయ కాసిందప్పా నాకు, అయ్యవారి పని వచ్చేదాకా" అన్నాడు. కొంచెంసేపు నల్ల బెల్లం వంక చూసి, "పాకం మాడబెట్టినావే, నువ్వెట్లాంటి రైతువప్పా?" అన్నాడు.

నాయన నవ్వాడు. ముందు చిన్నగా, తర్వాత గానుగెద్దులు బెదిరేటట్టుగా. పత్రిక వచ్చిన నాటి నుంచి ఆయన్ను రైతు అని పిలిచిన మొదటి మనిషి ఆ పెద్దాయనే, అదీ తిట్టడానికే. గట్టు మీద అక్క క్యారియరు దించి, కొంగుతో ముఖం తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

ఆ సాయంత్రం మామ తిరుపతికి ఎట్లా పోయాడో, అక్షరాలు ఎట్లా కూర్చాడో తెలియదు గాని, మర్నాటికి 'రైతు' అని అచ్చేసిన చిన్న చీటీలు తట్టెడు తెచ్చాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని మైదా పిండి ఉడకబెట్టి, మిగిలిన పత్రికల మీద ముజిక్ మొత్తం మూసుకునేటట్టు అంటించాం. పంచేసిన వాటినీ నాయన వదిలిపెట్టలేదు. పోస్టుమాస్టరు మొదలు మోకాళ్ల అవ్వ దాకా, బ్యాంకు మేనేజరుతో సహా, గడప గడపకూ చీటీలూ పిండిగిన్నే పట్టుకుని తానే పోయి అంటించి వచ్చాడు. మేనేజరు ఏమన్నాడని మేం ఎంత అడిగినా చెప్పలేదు. చిత్తూరు పెద్దాయన మాత్రం తన పేరు పక్కన ఎం.ఏ. అట్లాగే ఉండనివ్వమన్నాడు, దానికోసం పరీక్ష మూడుసార్లు రాశాడట. పెళ్లి జరిగింది. మండీకి పనికిరాని ఆ మాడు బెల్లంతోనే అత్తిరసాలు, అదే అరిసెలు, చేశారు. అవి బొగ్గుల్లా ఉన్నాయి, చేదుచేదుగా తియ్యగా ఉన్నాయి, మా బావ ఈనాటికీ ఏ పెళ్లికి పోయినా అటువంటివి మళ్లీ తినలేదంటాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు సోవియట్ దేశమే పటంలోంచి లేచిపోయింది. వ్యాను రావడం మానేసింది. ఉన్న పుస్తకాలను తూకానికి అమ్మేస్తుంటే మా మామకు ఆ నవల మొదటి భాగం దొరికింది. మూడు రోజులు అచ్చాఫీసుకు రాలేదు. నాలుగో రోజు నేరుగా మా పల్లెకు పోయి, నాయన పక్కన గట్టు మీద కూర్చుని, "బావా, నిజమే, శానా కొట్టినారు వాళ్లను" అని ఏడ్చాడట. నాయన ఆయన వీపు నిమిరి, "పోనీలేరా, మూడో భాగంలో బాగుపడినారంటివి కదా" అన్నాడట.

గొంతులోని ఆ 'ఒట్టి' ముల్లు బయటికి వచ్చాక నాయన మారిపోయాడు. ఎవరు ఏం చేస్తుంటారని అడిగినా, అడగకపోయినా, "రైతును" అనేవాడు. కొంచెం గట్టిగానే అనేవాడు. బస్సులో పక్కవాడితో అనేవాడు, కొండ మీద లడ్డూల వరుసలో అనేవాడు. చివరి రోజుల్లో తిరుపతి ఆస్పత్రిలో వివరాలు రాసుకునే కుర్రవాడు పేరు అడిగితే, పేరు కంటే ముందు అదే చెప్పాడు. హాలంతా తిరిగి చూసింది. నేను సిగ్గుపడ్డానేమో, గుర్తులేదు. ఆయన మాత్రం ఎవరైనా కాదంటారేమో అన్నట్టు అందరి వంకా తాపీగా ఒకసారి చూసి, ఆ తర్వాతే పేరు చెప్పాడు.

ఇప్పుడు ఆ గానుగ మీదుగా పెద్ద రోడ్డు పోతోంది. అమ్మినవాళ్లలో మేమూ ఉన్నాం, పెద్ద గొప్ప ఏమీ కాదు. పోయిన నెల నా మోకాళ్లు చూపించుకోవడానికి అదే ఆస్పత్రికి పోతే, గాజు పలక వెనక ఒక అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఏం చేస్తుంటారు సార్ అని అడిగింది. ఉద్యోగం ఒదిలిపెట్టాను, హాస్యం రాస్తానంటే నవ్వుతుందని, ఏ దేవుడు పలికించాడో, "రైతు కొడుకును" అన్నాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా కిందికీ పైకీ వెతికింది. అందులో రైతు ఉందిట, కొడుకు లేదుట. "అదర్స్‌లో పెడతాను సార్" అంది. టోకెను తీసుకుని వచ్చి కూర్చున్నాక చుట్టూ చూశాను. హాలు నిండా నా ఈడువాళ్లే. మంచి చొక్కాలు, మంచి చెప్పులు, చేతుల్లో ఖరీదైన ఫోన్లు. ఏ మడి దగ్గర పుట్టి, ఏ గట్టు మీద బువ్వ తిని ఇక్కడికి చేరుకున్నారో ఒక్కొక్కరూ. ఎవరినీ అడగలేదు గాని, మాలో చాలామంది అదర్సే అయి ఉంటారు.